జైసల్మేర్ ఎడారి: గుడారం అద్దె ఎంత, బండిలో నీళ్ళు ఎన్ని

విజయవాడ నుంచి జోధ్‌పూర్‌కు, అక్కడి నుంచి జైసల్మేర్‌కు రైలు ప్రయాణాలు హాయిగా సాగాయి. 1156 నాటి కోట గురించి చాలామంది రాశారు కనుక, సమ్ ఇసుక తిన్నెల దగ్గర మేము దిగిన గుడారాల శిబిరం సంగతే చెబుతాను.

ఇద్దరికి ఒక రాత్రికి 5,200 రూపాయలని, ఒంటె సవారీ, జీపు షికారు అందులోనే కలిసి ఉన్నాయని ఫోనులో చెప్పినవారు, తీరా వెళ్ళాక సవారీకి మనిషికి 400, జీపుకు 1,800 వేరుగా వసూలు చేశారు. సాయంత్రం రద్దీ అని మిట్టమధ్యాహ్నమే బయలుదేరదీసిన ఆ జీపులో తాగునీరు లేదు, పార లేదు. కొంత దూరం పోయాక ఫోన్లకు సిగ్నలూ లేదు. చక్రాలు ఇసుకలో కూరుకుపోగానే డ్రైవరు మమ్మల్ని శిబిరానికి నడిచి వెళ్ళిపొమ్మన్నాడు. రోహిణి కార్తెలో బందరు రోడ్డు మీద తిరిగినవాడికి డిసెంబరు ఎండ ఒక లెక్కా అంటూ మా బావమరిది బయలుదేరబోయాడు గానీ, నా భార్య బండి నీడ వదిలేది లేదని కూర్చుంది.

ఒంటెలను మేపుకుంటూ అటు వచ్చిన, తరతరాలుగా ఒంటెలు కాసే రైకా కులపు కాపరి ఆమెనే సమర్థించాడు. ఎడారిలో నిలిచిపోయిన బండి దూరం నుంచి కనిపిస్తుందని, తిన్నెల మధ్య నడిచిపోయిన మనిషి కనిపించడని, గాలికి అడుగుజాడలు కూడా మిగలవని చెప్పాడు. టైర్లలో గాలి తగ్గించి, చక్రాల కింద ఎండుకంప వేయించి బండిని కదిలించాడు. మేమిచ్చిన 300 రూపాయలు మొహమాటం లేకుండా తీసుకుని, అప్పుడే పితికిన ఒంటె పాలను జిల్లేడు ఆకు దొన్నెలో పోసి ఇచ్చాడు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపు పోతుందని వింటూ పెరిగిన నా భార్య ముట్టలేదు. బావమరిది మళ్ళీ అడిగి తాగాడు. పాలు కాస్త ఉప్పగా ఉన్నాయి. పార్వతీదేవి మట్టితో చేసిన ఒంటెకు శివుడు ప్రాణం పోసి, దానిని కాయడానికే తమ మూలపురుషుణ్ణి సృష్టించాడని రైకాల నమ్మకం. అయినా మేత భూములు కరిగిపోతున్నందున మందను తగ్గించుకోక తప్పలేదని అతడన్నాడు. 2012లో 4 లక్షలున్న దేశంలోని ఒంటెలు 2019 పశుగణన నాటికి రెండున్నర లక్షలకు పడిపోయాయి.

మర్నాడు ఖూరీ గ్రామంలో మట్టి ఇంటి బసకు భోజనంతో కలిపి ఇద్దరికి 1,600 రూపాయలే అయ్యాయి. సజ్జ రొట్టె, నెయ్యితో పెట్టిన, మన జమ్మిచెట్టు కాయలతోనే వండే కేర్ సాంగ్రీ కూర గుంటూరు నాలుకకూ సరిపోయేంత కారంగా ఉంది. విషపు చిన్నపొడ పాము ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుందని, టార్చి లేకుండా బయటకు రావద్దని, పొద్దున బూట్లు దులపకుండా తొడగవద్దని ఇంటివారు అడగకుండానే హెచ్చరించారు. ఆ శిబిరంలో ఈ మాట చెప్పినవారు లేరు.

వెళ్ళేవారు నవంబరు, ఫిబ్రవరి మధ్యే వెళ్ళాలి; రాత్రి చలికి ఉన్ని దుస్తులు, పగటికి పొడుగు చేతుల నూలు బట్టలు, మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్ళు తప్పనిసరి. నీళ్ళు, పార కళ్ళారా చూడనిదే జీపు ఎక్కవద్దు, మొత్తం డబ్బు ముందుగా ఇవ్వవద్దు. బావమరిది గంటసేపు వాదిస్తే మాకు 1,800లో 500 మాత్రమే తిరిగి వచ్చాయి.