టోకెన్ కట్టించుకుని మాట మార్చే సెకండ్ హ్యాండ్ సూపర్‌బైక్ డీలర్‌తో జాగ్రత్త

హైదరాబాద్‌లో పాత సూపర్‌బైక్‌లు అమ్మే ఆ షోరూమ్ ఏదో మీలో చాలామందికి రెండు లైన్లు చదవగానే తెలిసిపోతుంది. కన్స్యూమర్ కేసుకి కాగితాలు రెడీ చేసుకుంటున్నా కాబట్టి పేరు రాయట్లేదు. నిన్న సాయంత్రం అక్కడ నా లక్ష రూపాయల టోకెన్ మింగేశారు. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఈ శని, ఆదివారాల్లో ఇంకెవరైనా డబ్బులు పట్టుకుని అక్కడికి వెళ్ళే లోపు ఇది వాళ్ళ కంట పడాలి.

వెనక మా ఆవిడ, రెండు పక్కలా లగేజ్ పెట్టెలు, పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేసరికి బెంగళూరో వైజాగో చేరిపోవాలి. అందుకోసం స్పోర్ట్ టూరర్ వెతుకుతున్నా. కొత్తది కొనే బడ్జెట్ లేదు. అక్కడ పక్కపక్కనే రెండు ఉన్నాయి: 2022 రిజిస్ట్రేషన్ కవాసాకి నింజా 1000ఎస్‌ఎక్స్, బీఎండబ్ల్యూ ఎఫ్900ఎక్స్‌ఆర్.

ఈ రెండింటి మధ్య తేల్చుకోలేక తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నా లెక్క కూడా చెప్తా. నింజాది 1043 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్, 142 పీఎస్ పవర్. ఆరో గేర్‌లో వంద దాటాక కూడా కింద ఇంజిన్ ఉందా అన్నంత స్మూత్‌గా పోతుంది. 28 లీటర్ల పెట్టెలు అదనపు రాడ్లేవీ లేకుండా నేరుగా బండికే తగులుతాయి. కాకపోతే బరువు 238 కిలోలు, సిటీ ట్రాఫిక్‌లో మోకాళ్ళకి వేడి బాగా తెలుస్తుంది. ఎక్స్‌ఆర్‌ది 895 సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్, 105 హెచ్‌పీ పవర్, బరువు 219 కిలోలు. నిటారుగా కూర్చోవచ్చు, వంపుల్లో చిన్న బండిలా తిరుగుతుంది. స్పీడ్ పెరిగే కొద్దీ హ్యాండిల్‌లో సన్నటి వైబ్రేషన్ మొదలవుతుంది, గంటల తరబడి తోలితే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ట్యాంక్ నింజాకి 19 లీటర్లు, ఎక్స్‌ఆర్‌కి పదిహేనున్నర. మైలేజ్‌లో ఎక్స్‌ఆర్ నయం కాబట్టి ఫుల్ ట్యాంక్‌తో వెళ్ళే దూరంలో పెద్ద తేడా రాదు. శ్రీశైలం ఘాట్, అరకు లాంటివి ఎక్కువ తిరిగేవాళ్ళు ఎక్స్‌ఆర్ తీసుకోండి. నాకు ఎక్కువగా నేషనల్ హైవేనే కాబట్టి నింజా వైపు మొగ్గా. ఆ నిర్ణయం ఇప్పటికీ తప్పనుకోవట్లేదు. బండి మోడల్ మంచిదే, అమ్మినవాడే మంచోడు కాదు.

"ఒకే ఓనర్ అన్నా, పదకొండు వేల కిలోమీటర్లు, ఒక్క గీత లేదు, ఇన్సూరెన్స్ ఒక్క రోజు కూడా ల్యాప్స్ అవలేదు" అన్నాడు డీలర్. నా మెకానిక్‌తో చూపించుకున్నాకే డబ్బులు కడతా అన్నా. "చూపించుకో అన్నా, కానీ సాయంత్రం వేరే పార్టీ వస్తున్నాడు, టోకెన్ వేస్తే బండి పక్కన పెట్టేస్తా. తేడా ఏమైనా వస్తే డబ్బులు వెనక్కి, నాదీ గ్యారంటీ" అన్నాడు. మా ఆవిడ పక్కనే ఉంది, తనూ విన్నది. లక్ష ట్రాన్స్‌ఫర్ చేశా. రసీదు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. అసలు కాగితం ఫైల్‌లో ఉంటుంది, డెలివరీ రోజు అన్నీ కలిపి ఇస్తా అన్నాడు.

నిన్న మా మెకానిక్‌ని తీసుకెళ్ళా. ఆయన ఇంజిన్ స్టార్ట్ చేయలేదు, మొదట టైర్లు చూశాడు. టైర్ పక్క గోడ మీద ఇంగ్లిష్‌లో DOT అని ఉన్న చోట చివర్లో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. వెనక టైర్ మీద 4021, అంటే 2021లో నలభయ్యో వారం. బండితో పాటు వచ్చిన టైరే. ముందు టైర్ మీద 1224. ఇలాంటి బండికి మొదట అరిగేది వెనక టైర్. అది పాతదే ఉండి ముందుది మాత్రం ఎందుకు మారింది?

తర్వాత హ్యాండిల్‌ని ఎడమకి చివరి దాకా తిప్పి, ఫోన్ టార్చ్ వేసి నన్ను వంగి చూడమన్నాడు. హ్యాండిల్ అంతకు మించి తిరగకుండా ఆపే చిన్న దిమ్మ ఒకటి ఫ్రేమ్ మెడ దగ్గర ఉంటుంది, స్టీరింగ్ స్టాప్ అంటారు. ఒక పక్కది నున్నగా ఉంది. రెండో పక్కది నొక్కుకుపోయి, అంచున వెంట్రుకంత చీలిక, దాని మీద బ్రష్‌తో పూసిన నల్ల పెయింట్. బ్రష్ గీతలు కూడా కనిపిస్తున్నాయి. ముందు నుంచి గట్టిగా గుద్దితేనే అది అలా అవుతుందట. అల్యూమినియం ఫ్రేమ్ అక్కడ దెబ్బతిన్న బండి మీద ఇద్దరం కూర్చుని 120లో పోతుంటే హ్యాండిల్ ఊగడం మొదలైతే? ఆ ఆలోచనకే నాకు చెమటలు పట్టాయి.

అప్పుడు పాలసీ మొత్తం చూపించమని పట్టుబట్టా. అప్పటిదాకా ఫోన్‌లో మొదటి పేజీ మాత్రమే చూపించాడు. లోపల నో క్లెయిమ్ బోనస్ సున్నా. ఇది ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. ఏడాది పాటు క్లెయిమ్ లేకపోతేనే 20 శాతం వస్తుంది, ఏటా పెరుగుతూ 50 దాకా పోతుంది. ఒకే ఓనర్, ల్యాప్స్ లేదు అని డీలరే చెప్పాడు. మరి ఆ బోనస్ ఏమైనట్టు? క్లెయిమ్ చేశారు కాబట్టే పోయింది.

ఇదంతా మర్యాదగానే చెప్పి టోకెన్ వెనక్కి ఇవ్వమన్నా. ఆయన ఫైల్‌లోంచి అసలు రసీదు తీసి, నా ముందు టేబుల్ మీద బోర్లా తిప్పి పెట్టాడు. వెనక వైపు ఎర్ర స్టాంపు: అడ్వాన్స్ నాన్ రిఫండబుల్. నాకు పంపిన ఫొటోలో ముందు వైపు మాత్రమే ఉంది. "గ్యారంటీ అన్నారు కదా" అంటే, "గ్యారంటీ అని ఎక్కడ రాసుందో చూపించు" అన్నాడు. డబ్బు కట్టే దాకా అన్నా, అన్నా అన్న నోరు అది.

అంతటితో ఊరుకుంటే డబ్బు పోయిందనే బాధే మిగిలేది. మా ఆవిడ వైపు తిరిగి, "మేడమ్, సార్‌కి స్కూటీ ఇప్పించండి, ఇలాంటి బండ్లు ఈయన వల్ల కాదు" అన్నాడు. వెనక నిలబడ్డ కుర్రాళ్ళు నవ్వారు. మా మెకానిక్ ఏదో అనబోతే, "నువ్వు బయటికి నడువు" అని ఏకవచనంతో గదమాయించాడు. ఆయన వయసు అరవై పైనే. నా పని కోసం వచ్చిన పెద్దాయన నా కళ్ళ ముందే ఆ మాట పడ్డాడు. లక్ష పోయినదానికంటే ఇదే నన్ను ఎక్కువ కాలుస్తోంది.

చివర్లో ఇంకో బేరం పెట్టాడు. టోకెన్ పోకూడదంటే ఎక్స్‌ఆర్ తీసుకోవాలట, దాని రేటు మాత్రం నలభై వేలు పెరిగిందట. సర్వీస్ రికార్డ్ చూపించమంటే డబ్బు మొత్తం కట్టాకే అన్నాడు. దండం పెట్టి వచ్చేశాం.

కొనబోయేవాళ్ళకి చెప్పేది కొంచెమే. బండి తనిఖీ అయ్యే దాకా రూపాయి కూడా ఇవ్వకండి, పార్టీ వస్తున్నాడంటే రానివ్వండి. ఇవ్వక తప్పకపోతే అసలు రసీదు చేతికి తీసుకోండి, రెండు వైపులా చూడండి, తేడా వస్తే డబ్బు వాపస్ అని వాళ్ళ చేతనే రాయించండి. ఇన్సూరెన్స్ పాలసీ అన్ని పేజీలూ అడగండి. లోన్ ఉందా, ఎన్నో ఓనర్ అన్నది పరివాహన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. పాత బండ్ల డీలర్లకి 2023 ఏప్రిల్ 1 నుంచి ఆర్టీఏ ఇచ్చే ఆథరైజేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి, ఫారం 29బి అంటారు. అదీ అడగండి. నేను అడిగితే మాట దాటేశాడు.

కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఈ ఉదయమే ఫిర్యాదు ఇచ్చా. లాయర్ నోటీసు సోమవారం వెళ్తుంది, దానికి డబ్బు రాకపోతే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో కేసు. ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. అదే షోరూమ్‌లో వెనక స్టాంపు ఉన్న రసీదుతో టోకెన్ పోగొట్టుకున్నవాళ్ళు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, రసీదు రెండు వైపుల ఫొటో, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ దాచి ఉంచండి. అందరి కాగితాలూ కలిపి మా లాయర్‌కి ఇస్తా.