ఊట వాగుల్లో ట్రౌట్: లివింగ్‌స్టన్ వైపా, సిల్వర్ క్రీక్ వైపా?

ట్రౌట్ అనే చల్లనీటి చేపను ఫ్లైతో, అంటే పురుగులా కట్టిన కొక్కెంతో పట్టేవారికి అమెరికాలో రెండు చోట్లు: మోంటానాలో లివింగ్‌స్టన్ ఊరి దగ్గరి ఊట వాగులు, ఐడహోలో సిల్వర్ క్రీక్. మోంటానా పారడైజ్ వ్యాలీలో మంచు కరిగే రోజుల్లో ఎల్లోస్టోన్ నది బురదగా పొంగుతుంది. పక్కనే ఆర్మ్‌స్ట్రాంగ్, డిప్యూ, నెల్సన్ వాగుల అడుగు మాత్రం స్పష్టంగా కనిపిస్తుంటుంది. నేలలోంచి ఊరే నీరు కనుక మట్టం, చల్లదనం ఏడాదంతా పెద్దగా మారవు. నీరు ట్రౌట్‌కు అనువైన 10–16 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది కాబట్టి చలికాలంలోనూ చేప మేస్తుంది. ఖనిజాలున్న నీటిలో నాచు దట్టంగా పెరుగుతుంది, నాచు నిండా స్కడ్‌లు (చిన్న రొయ్యల్లాంటి జీవులు), మేఫ్లై అనే నీటి ఈగల పిల్లపురుగులు. కడుపు నిండిన చేపకు తొందర ఉండదు. చిక్కంతా అక్కడే.

నాచు గుబుర్ల మధ్య నీరు పాయకో వేగంతో పోతుంది. లైన్ ఒక పాయలో, ఫ్లై మరో పాయలో పడితే ఫ్లై ఈడ్చుకుపోతుంది. చేప దగ్గరికొచ్చి చూసి వెనక్కి తిరుగుతుంది. చాలామంది వెంటనే ఫ్లై మారుస్తారు, మార్చాల్సింది నిలబడ్డ చోటు. చేపకు ఎగువన, కాస్త పక్కగా నిలిచి రీచ్ కాస్ట్‌తో (లైన్ గాల్లో ఉండగానే రాడ్‌ను, అంటే గాలపు కర్రను, పక్కకు చాచి) వదిలితే లీడర్ (లైన్ చివరి సన్నని దారం) కన్నా ముందు ఫ్లై చేరుతుంది. లీడర్ 12–15 అడుగులు, టిప్పెట్ (లీడర్ కొస) 6ఎక్స్ అనే బాగా సన్న రకం, ఫ్లైలు 18 నుంచి 22 సైజు (అంకె పెరిగేకొద్దీ చిన్నవి). చేప అందుకోగానే గుంజితే టిప్పెట్ పుటుక్కుమంటుంది. రాడ్ మెల్లగా ఎత్తితే చాలు. నాచులోకి దూరబోతే రాడ్ వంచి పక్కకు లాగాలి.

ఈ మూడూ ప్రైవేటు భూములు. రోజుకు ఇన్ని రాడ్లని (ఇంతమందేనని) పరిమితి, రాడ్ ఫీజు, ముందస్తు బుకింగ్. పేల్ మార్నింగ్ డన్ అనే మేఫ్లైలు నీటిపైకి లేచే జూన్ నడిమి నుంచి జులై చివరి దాకా చోటు దొరకడం కష్టం. వేసవి దాటితే ఫీజు, జనం రెండూ తగ్గుతాయి, బేటిస్ అనే చిన్న మేఫ్లైలు లేస్తాయి. మా ఓటు ఆ రోజులకే. కొత్తవారికి డిప్యూ మేలు: పొడవెక్కువ, చలికి తలదాచుకునే గుడిసెలున్నాయి. నెల్సన్ చిన్నది, చేయి తిరిగాకే వెళ్లాలి. బస లివింగ్‌స్టన్ ఊళ్లో చాలు. గైడ్‌ను పెట్టుకుంటే రాడ్ ఫీజు అందులో కలిసిందో లేదో ముందే తేల్చుకోండి.

ఐడహోలోని సిల్వర్ క్రీక్‌లో 1976 నుంచి నేచర్ కన్జర్వెన్సీ అనే పర్యావరణ సంస్థ సంరక్షణలో ఉన్న భాగానికి ఫీజు లేదు. రాష్ట్ర లైసెన్సు ఉండాలి, సందర్శకుల కేంద్రంలో పేరు రాయాలి. ఫ్లై మాత్రమే, పట్టింది వదిలేయాలి. అడుగున మెత్తటి బురద, కాలు కూరుకుపోతుంది. అనుమతి ఉన్నచోట ఫ్లోట్ ట్యూబ్ (కూర్చుని తేలే గాలి ట్యూబు) నయం. ఆగస్టు ఉదయాల్లో ట్రైకోలు అనే బుల్లి మేఫ్లైలు లేస్తాయి, ఎండెక్కేలోపే ముగుస్తాయి. హెయిలీ ఊళ్లో బస చేస్తే చీకటుండగానే బయలుదేరాలి.

ఎక్కడైనా సరే, బ్రౌన్ ట్రౌట్ శరదృతువులో, రెయిన్‌బో వసంతంలో గుడ్లు పెడతాయి. శుభ్రంగా తెల్లగా కనిపించే గులకరాళ్ల మడి మీద అడుగేస్తే గుడ్లు నలిగిపోతాయి. చుట్టు తిరిగి వెళ్లండి.