కడప నుంచి కువైట్‌కు ఏ ఎయిర్‌పోర్టు మేలు?

రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి పక్క కువైట్‌కు మనిషి పోని ఊరు అరుదు. అయినా టికెట్ తీసేటప్పుడు రేటు చూసినంతగా ఇంటి నుంచి పట్టే టైము చూడరు.

గాల్లో కువైట్‌కు చెన్నై నుంచి దాదాపు 3,770 కిలోమీటర్లు, బెంగళూరు నుంచి 3,540, హైదరాబాదు నుంచి 3,370. చెన్నైకీ హైదరాబాదుకూ తేడా విమానానికి అరగంట పని. దానికోసం కడప నుంచి శంషాబాదు దాకా ఏడు గంటలు రోడ్డు మీద పోవడం దండగ.

రాజంపేట, కోడూరు వాళ్ళకు చెన్నై మేలు. రైల్లో సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే నేరుగా ఎయిర్‌పోర్టే. రాత్రి 11 దాటితే మాత్రం మెట్రో దొరకదు. ముందురోజే పోయేవాళ్ళు సెంట్రల్ దగ్గర కాకుండా తిరుశూలం, పల్లావరం పక్క రూము తీసుకోవాలి. రాయచోటి వాళ్ళకు బెంగళూరు. మదనపల్లె, చింతామణి మీదుగా పోతే ఎయిర్‌పోర్టు దేవనహళ్ళి దగ్గరే, సిటీలోకి దిగే పనే లేదు. కడప నుంచి ఈ దారిన పోతే గువ్వలచెరువు ఘాటుకు ఒక గంట ఎక్కువ పెట్టుకోండి. మలుపులో ఒక్క లారీ ఆగిందంటే రెండు పక్కలా బండ్లు నిలిచిపోతాయి.

టికెట్ మీద టైములు ఏ ఊరివి ఆ ఊరివే. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. చెన్నైలో 1:30కు లేచి అక్కడ 4:00కు దిగుతుందని ఉంటే ప్రయాణం రెండున్నర గంటలు కాదు, ఐదు. వచ్చేటప్పుడు పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి పావుగంటో అరగంటో తగ్గుతుంది; చలికాలంలో ఆ గాలి జోరెక్కువ. ఇంకో సంగతి: 15వ తేదీ 1:30 అంటే అర్ధరాత్రి దాటాక కాబట్టి 14 రాత్రి పది గంటలకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. 15 రాత్రి అనుకుంటే ఫ్లైటు వెళ్ళిపోయి ఉంటుంది.

కడప ఎయిర్‌పోర్టు నుంచి చిన్న ఏటీఆర్ విమానంలో పోయి ఇంకో ఊళ్ళో కువైట్ ఫ్లైటుకు మారదామనుకుంటే రెండూ ఒకే టికెట్‌లో ఉండాలి. విడివిడిగా తీస్తే దేశంలో తిరిగే ఫ్లైటుకు మామూలుగా 15 కిలోలే. కువైట్ టికెట్‌కు 30 కిలోలున్నా మిగతా బరువుకు కడపలోనే డబ్బు కట్టాలి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే ఆ టికెట్ డబ్బు కూడా పోయినట్టే.

నూనె పచ్చళ్ళు చేతిసంచిలో పెడితే సెక్యూరిటీలో తీసేస్తారు, పెద్ద బ్యాగులో వేయండి. ఎండుకొబ్బరి పెద్ద బ్యాగులో వేయకూడదు, దాని నూనెకు నిప్పంటుకునే గుణముంది. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. గసగసాలు మాత్రం ఎవరు ఎంత బతిమాలినా తీసుకోవద్దు. గల్ఫ్‌లో వాటిని మత్తుమందు కింద లెక్కకట్టి కేసు పెడతారు, పొట్లం ఎవరిదన్నది అక్కడ అడగరు.

కువైట్‌లో జజీరా ఎయిర్‌వేస్ విమానాలు టెర్మినల్ 5లో, కువైట్ ఎయిర్‌వేస్‌వి టెర్మినల్ 4లో దిగుతాయి; మిగతావి ఎక్కువగా టెర్మినల్ 1. ఇవి పక్కపక్కన ఉండవు కాబట్టి పిలుచుకుపోను వచ్చే మనిషికి ఫ్లైటు నంబరుతో పాటు టెర్మినల్ నంబరు కూడా ముందే పంపండి.