రిమ్ముకు ఎక్కకముందే టైరు చూడండి: 'ఫ్రెష్ స్టాకు' పేరుతో పాత టైర్లు అంటగడుతున్నారు

కర్నూలు, అనంతపురం, కడప వైపు కారు టైర్లు మార్పించబోయే వాళ్లందరికీ ఈ హెచ్చరిక. టైరును లోపలా బయటా మీ కళ్లతో చూడకుండా రిమ్ముకు ఎక్కించనివ్వొద్దు. ఒకసారి ఎక్కి గాలి పట్టిందంటే మోసం జరిగిన చోటంతా లోపలికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత కనిపించేది నల్లగా నిగనిగలాడే పాలిష్ ఒక్కటే.

అనంతపురంలో ఒకాయనకు అమ్మిన జత టైర్ల సంగతి ముందు చెప్పాలి. షాపు పేరు రాయడం లేదు. సైజు 185/65 ఆర్15. "నిన్ననే లోడు దిగింది సార్, చానా ఫ్రెష్ స్టాకు" అన్నారు. ఆయన బయట కుర్చీలో కూర్చుని టీ తాగేలోపే ఎక్కించి, బ్యాలెన్సింగ్ చేసి, పాలిష్ కొట్టి బండి దించేశారు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద 'టైర్లు 2' అని రాసి, కింద మొత్తం వేసి ఇచ్చారు. మూడు వారాలకు, వేగం 80 దాటితే చాలు స్టీరింగ్ వణకడం మొదలైంది. రెండు టైర్లనూ విప్పి చూస్తే ఒక్కోదానిలో ఒక్కో రకం మోసం.

మొదటిది గుండు అయిపోయిన టైరుకు కొత్తగా గాడి కోసినది. అచ్చులోంచి వచ్చిన టైరులో గాడి అడుగు నున్నగా, వెడల్పు చుట్టూతా ఒకేలా ఉంటుంది. ఇందులో ఒకచోట వెడల్పుగా, ఒకచోట ఇరుగ్గా ఉంది. వేడి బ్లేడు ఆగి ఆగి నడిచిన చోట చిన్న చిన్న మెట్లు పడ్డాయి. గోరు పెట్టి లాగితే ఆ మెట్లు తగులుతాయి. ఒక గాడి అడుగున వెంట్రుకంత సన్నని ఉక్కు తీగ బయటపడి, దాని చుట్టూ గోధుమరంగు తుప్పు. అరుగుదల గుర్తులు ఒక్కటీ లేవు. ఈ గుర్తులు ప్రతి కారు టైరులోనూ ఉంటాయి: గాడి మధ్యలో అడ్డంగా చిన్న దిమ్మెలు, ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. అవి ఎక్కడున్నాయో తెలియడానికి టైరు పక్కగోడ, అంటే సైడ్‌వాల్ పైఅంచున చిన్న త్రికోణమో, టీడబ్ల్యూఐ అన్న అక్షరాలో అచ్చు వేస్తారు. త్రికోణం ఉండి, దానికి ఎదురుగా గాడిలో దిమ్మె లేదంటే బ్లేడు దాన్ని కోసుకుంటూ పోయిందన్నమాట.

లారీ టైర్లలో గాడి కోయడానికి పనికొచ్చేవి కొన్ని ఉంటాయి. వాటిలో అందుకోసమే అడుగున అదనపు రబ్బరు పోస్తారు, సైడ్‌వాల్ మీద ఆ మాట అచ్చులోనే ఉంటుంది. కారు టైరులో ఆ అదనపు రబ్బరు ఉండదు. గాడి అడుగుకూ ఉక్కు తీగల పొరకూ మధ్య ఉండేది పలచని రబ్బరు, అదే ఆ పొరకు కాపలా. దాన్ని కోసేస్తే తడి తీగల దాకా దిగుతుంది, తుప్పు పడుతుంది, తీగకూ రబ్బరుకూ మధ్య పట్టు వదులుతుంది. పొర లేచిన చోట టైరు గుండ్రంగా ఉండదు. స్టీరింగ్ వణికింది అందుకే. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఆ వణుకు పోదు. అలాగే తోలితే ఏదో ఒకరోజు పైపొర మొత్తం పట్టీలాగా ఊడి వస్తుంది.

రెండో టైరు ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే బయటి నుంచి చూస్తే వంక పెట్టడానికి ఏమీ లేదు. గ్రిప్పు నిండుగా ఉంది. లోపల టార్చి కొడితే అసలు సంగతి తెలిసింది. కొత్త టైరు లోపలి గోడ మీద అచ్చు గీతలు స్పష్టంగా, అంతటా ఒకే రంగులో ఉంటాయి. ఇందులో సైడ్‌వాల్ లోపల, చుట్టూ చక్రంలా ఒక పట్టీ మేర గీతలు అరిగి నున్నబడ్డాయి. అక్కడ వేలు రాస్తే నల్లటి రబ్బరు పొడి అంటింది. గాలి లేకుండా, లేదా బాగా తక్కువ గాలితో కొంత దూరం నడిచిన టైరు గుర్తు ఇది. బండి బరువుకు సైడ్‌వాల్ మడతపడి, మడత మడతతో రాసుకుని లోపలే రబ్బరు పొడిగా రాలుతుంది. దారాల పొర అప్పటికే దెబ్బతిని ఉంటుంది. అలాంటి టైరుకు మళ్లీ గాలి కొట్టి 100 వేగంతో తోలితే సైడ్‌వాల్ ఎప్పుడు చీలుతుందో ఎవరూ చెప్పలేరు. పంచర్ షాపులో పనిచేసే ఏ కుర్రాడికైనా ఈ పొడి సంగతి తెలుసు. తెలిసీ అమ్మారు.

పైగా దాని మీద తయారీ తేదీ గీకేసి ఉంది. ఈ తేదీ చదవడం అందరూ నేర్చుకోవాలి. సైడ్‌వాల్ మీద గుళికలాంటి చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైంది. చాలా టైర్లకు ఈ గడి ఒక పక్కే ఉంటుంది. ఆ పక్కను బండి లోపలివైపుకు పెట్టి బిగిస్తే మీరు కింద దూరితే తప్ప కనిపించదు. ఎక్కించే ముందే చూడమనడం ఇందుకే. వారం వారం మార్చే బిళ్లతో ముద్రపడుతుంది కాబట్టి ఆ గడి అంచు స్పష్టంగా తెలుస్తుంది. అంచు చెదిరినా, అంకెల చోట ఉప్పుకాగితంతో రుద్దినట్టు గరుకుగా ఉన్నా, వేడి ఇనుము తగిలినట్టు మెరుస్తున్నా ఆ టైరు వద్దని లేచి రండి.

ఎంత పాతదైతే తీసుకోవచ్చు అని అడిగేవాళ్లకు మా అభిప్రాయం ఇది. తయారై ఆరు నెలల లోపుదైతే ఆలోచించక్కర్లేదు. ఏడాది దాకా నీడలో నిలవ ఉన్నదైతే ధర తగ్గిస్తే తీసుకోవచ్చు. రెండేళ్లు దాటినదాన్ని కొత్త ధరకు కొనకండి. షాపు ముందు ఎండలో దొంతరగా పేర్చినవి ఎంత కొత్తవైనా వద్దు. ఎండకు, గాలిలోని ఓజోన్‌కు రబ్బరు ఎండి సన్నని నెర్రెలు వస్తాయి. మన ఏప్రిల్, మే ఎండల సంగతి చెప్పక్కర్లేదు.

వాడిన టైరుకు, వాడని టైరుకు తేడా చెప్పే గుర్తులు మరికొన్ని ఉన్నాయి. కొత్తదాని గ్రిప్పు మీద సన్నని రబ్బరు వెంట్రుకలు, రంగు గీతలు ఉంటాయి. గీతలు కొద్ది కిలోమీటర్లకే చెరిగిపోతాయి. స్టిక్కరును మాత్రం నమ్మొద్దు, అది ఎవరైనా అంటించవచ్చు. అన్నిటికంటే నమ్మదగింది రిమ్ములో కూర్చునే అంచు. ఒక్కసారి రిమ్ముకు ఎక్కి దిగినా అక్కడ చుట్టూ ఒత్తుడు గీత పడుతుంది, సబ్బునీళ్ల మరక ఉంటుంది, బార్ పెట్టి లేపిన చోట గీరుకుపోయి ఉంటుంది. కొత్త కారు కొనగానే అల్లాయ్ వీల్స్ వేయించుకున్నవాళ్లు వదిలేసిన టైర్లు కూడా ఇలా వస్తాయి. అవి నిజంగా మంచివే కావచ్చు, కానీ వాడినవని చెప్పి ఆ ధరకే అమ్మాలి. ప్రమాదంలో నుజ్జయిన బండ్ల నుంచి తీసినవీ ఇదే దొంతరలో కలుస్తాయి, వాటికి లోపల ఏ దెబ్బ తగిలిందో తెలియదు.

ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 15633 అన్న అంకె, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు కారు టైరు మీద అచ్చులోనే ఉండాలి. ఆ నంబరును, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో అక్కడే తెలుస్తుంది. సైజు పక్కన ఉండే బరువు, వేగం గుర్తు కూడా కలవాలి. 88హెచ్ అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, గంటకు 210 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. "అదే సైజు సార్, ఏం కాదులే" అని మీ బండికి చెప్పినదానికంటే తక్కువ అంకె ఉన్నది వేయబోతే ఒప్పుకోకండి. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను వేసుకుని తిరుమలకు బయల్దేరినప్పుడు ఆ తేడా తెలిసొస్తుంది.

ఇంకో పాడు పని, ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేసి ఇవ్వడం. టైరుకు నయం కాని చీలిక ఉన్నప్పుడో, రిమ్ము వంగి గాలి నిలవనప్పుడో అలా కప్పిపుచ్చుతారు. ట్యూబ్‌లెస్‌కు రబ్బరు వాల్వు రిమ్ము రంధ్రంలో బిగుతుగా కూర్చుంటుంది. ట్యూబుదైతే లోపలికి బయటికి కదులుతుంది. ట్యూబ్‌లెస్‌కు మేకు దిగితే గాలి మెల్లగా పోతుంది, పక్కకు ఆపుకునే సమయం దొరుకుతుంది. ట్యూబు ఒక్కసారిగా పగులుతుంది. రెండూ రాసుకుని వేడెక్కడం అదనం. కొత్త టైరు వేస్తున్నప్పుడు రబ్బరు వాల్వులు కూడా కొత్తవే వేయించండి, చిన్న ఖర్చు.

బండి షాపుకు ఇచ్చే ముందు ఐదు టైర్ల నాలుగంకెలకూ ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి, స్టెపినీతో సహా. ఎప్పుడూ వాడని మంచి స్టెపినీ తీసేసి అరిగినది పెట్టడం జరుగుతోంది. డిక్కీ తెరిచి చూసేది ఎప్పుడో పంచర్ అయిన రాత్రి కదా, అప్పుడు అడిగినా ఎవరూ ఒప్పుకోరు.

రెండే కొత్తవి వేయిస్తుంటే, ముందు చక్రాలతో నడిచే బండైనా సరే, కొత్తవి వెనక్కే వేయించండి. తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవరు దాన్ని నిలబెట్టలేడు. ముందువి జారితే వేగం తగ్గించి దారిలో పెట్టుకోవచ్చు. గువ్వలచెరువు ఘాట్‌లో వాన పడుతున్నప్పుడు దిగిన వాళ్లకు ఇది వేరే చెప్పాల్సిన పని లేదు. చక్రం నట్లు గాలి గన్‌తో ఒక్కపెట్టున బిగించనివ్వొద్దు. ఎదురెదురు వరసలో చేతి స్పానరుతో చివరి బిగింపు పడాలి, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

మంచి టైరునైనా గాలి విషయంలో పొరపాటు చేసి మనమే చంపేస్తాం. డ్రైవరు డోరు తెరిస్తే స్తంభం మీద, కొన్ని బండ్లకు పెట్రోలు మూత లోపల, ఎంత గాలి ఉండాలో స్టిక్కరు ఉంటుంది. ఆ అంకె చల్లటి టైరుకు. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే గాలి ఇంచుమించు ఒక పీఎస్ఐ (బంకులో గాలి ఒత్తిడి కొలిచే అంకె) పెరుగుతుంది. పొద్దున్నే 33 పెట్టి కర్నూలులో బయల్దేరి, మధ్యాహ్నానికి గుత్తి దగ్గర చూస్తే 38 చూపించడం మామూలే. పేలుతుందేమోనని దాన్ని అక్కడ 33కు దించితే మరుసటి పొద్దుటికి 28 మిగులుతుంది. వేడిలో పేలుతున్నది ఎక్కువగా తక్కువ గాలి ఉన్న టైరే. సైడ్‌వాల్ ఎక్కువ మడతపడి లోపలే కాగిపోతుంది. వేడిగా ఉన్నప్పుడు గాలి తీయొద్దు. పదిహేను రోజులకోసారి పొద్దున్నే చూసుకోండి, పెట్రోలు బంకులో గాలి ఉచితం. సాధారణ గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజన్, కాబట్టి నైట్రోజన్ నింపాం కదా అని చూడ్డం మానేయకండి.

బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల దారుల్లో నాపరాయి లారీల నుంచి రాలిన పదును పెంకులు ఉంటాయి. అటు తిరిగే వాళ్లు నెలకోసారి గాడుల్లో ఇరుక్కున్న రాళ్లు స్క్రూడ్రైవరుతో తీసేయాలి, సైడ్‌వాల్‌కు కోత పడిందేమో చూడాలి. పంచర్ పట్టీ గ్రిప్పు భాగానికే పనికొస్తుంది. సైడ్‌వాల్‌కు పట్టీ వేసి పంపే వాడి మాట వినొద్దు. బుడిపె లేచిన టైరుతో హైవే ఎక్కొద్దు.

నడుస్తూ ఉండగా టైరు పేలితే బ్రేకు తొక్కకండి. రెండు చేతులతో స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, ఎక్సలేటరు మీంచి కాలు మెల్లగా తీసి, వేగం దానంతటది తగ్గాక ఎడమకు తీసుకోండి. నాలుగు లైన్ల రోడ్డు మీద కారుకు 100 దాకా అనుమతి ఉంది, కానీ పాత టైర్లతో అంత వేగం వద్దు. జాతీయ రహదారి మీద సాయానికి 1033, దెబ్బలు తగిలితే 108.

మోసపోయిన వాళ్లు చేయాల్సింది: టైరు తిరిగి ఇచ్చేయకండి, అదే సాక్ష్యం. కోసిన గాడి, గీకిన అంకెలు, లోపలి పొడి దగ్గరగా ఫొటోలు తీయండి. ఫోన్‌పే చేసిన రసీదు, వాట్సాప్ మాటలు దాచుకోండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. బిల్లు ఉంటే పని సులువు. అందుకే "బిల్లు వద్దంటే ఇంకో ఐదొందలు తగ్గిస్తామన్నా" అన్నప్పుడు ఆ ఐదొందలకు ఆశపడొద్దు. బిల్లు మీద షాపు జీఎస్టీ నంబరు, టైరు కంపెనీ, సైజు, ఒక్కో టైరు సీరియల్ నంబరు, ఆ నాలుగంకెల తేదీ రాయించుకోండి. సరైన సరుకు అమ్మేవాళ్లు ఇవన్నీ అడిగితే విసుక్కోరు. టార్చి కూడా వాళ్లే తెచ్చిస్తారు.