దినపత్రికల్లో కళల పేజీ: ముందు హడావిడి, తర్వాత మౌనం

దినపత్రిక కొనేవారు రాజకీయ వార్తలనూ క్రీడా వార్తలనూ ఎంత నిశితంగా బేరీజు వేస్తారో, కళా సాంస్కృతిక పేజీని అంత నిశితంగా చూడరు. దాన్ని పత్రికతో పాటు వచ్చే కొసరుగా భావించడం అలవాటైపోయింది. డబ్బు పెట్టి కొన్న సరుకులో అదీ ఒక భాగమే కనుక, దాని నాణ్యతను కూడా తూచి చూడవలసిందే.

ఈ పేజీలోని ప్రధాన లోపం ఏమిటంటే, ప్రదర్శనకు ముందు కనిపించే ఉత్సాహం ప్రదర్శన ముగిశాక కనిపించదు. కొత్త సినిమాయో నాటకమో వస్తోందంటే చాలు, ఇంటర్వ్యూలు వరుస కడతాయి. ప్రచార బృందం కేటాయించిన కొద్ది నిమిషాల్లో అందరు విలేకరులూ దాదాపు అవే ప్రశ్నలు వేస్తారు కాబట్టి, ఏ పత్రిక తెరిచినా అవే జవాబులు, నిర్మాతలు పంపిన అవే ఫొటోలు. ఇక కచేరీ జరిగిన మర్నాడు వచ్చే వార్తను చూడండి: మొదటి నాలుగు పంక్తులు ముఖ్య అతిథికి, తర్వాతి రెండు నిర్వాహకులకు, చివరి పంక్తిలో మాత్రం గాయని ‘శ్రోతలను మంత్రముగ్ధులను చేశారు’. ఏ రచనలు పాడారు, పక్కవాద్యం ఎవరిది, ఎక్కడ రక్తి కట్టింది, ఎక్కడ గొంతు సహకరించలేదు అన్న సంగతుల ఊసే ఉండదు. స్కోరు చెప్పకుండా ‘బ్యాటర్ ప్రేక్షకులను అలరించాడు’ అని క్రికెట్ వార్త రాస్తే ఏ పాఠకుడూ ఊరుకోడు. కళల విషయంలో మాత్రం ఊరుకుంటున్నాం.

పత్రికలకు ఈ పని చేతకాదని అనలేం. ఫ్రాన్స్‌లో 1800 నాటికే ‘జూర్నాల్ దె దెబా’ అనే పత్రిక పేజీ అడుగున గీత గీసి, దాని కింద రంగస్థల, సాహిత్య విమర్శకు చోటిచ్చింది. ‘ఫ్యూయెటన్’ అన్న ఆ శీర్షిక పేరుతోనే జర్మన్ పత్రికల్లో నేటికీ సంస్కృతి విభాగం నడుస్తోంది. తెర పడగానే కార్యాలయానికి పరుగెత్తి, అచ్చుకు వెళ్లేలోగా తీర్పు రాసిన విమర్శకులు ఒక తరం పాటు న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వేను శాసించారు. ఆ తొందరలో అన్యాయాలు జరగకపోలేదు. ఇప్పుడు అక్కడ విమర్శకులను ప్రారంభానికి ముందు జరిగే ప్రివ్యూలకే పిలుస్తున్నారు కనుక, ఆలోచించి రాసే వ్యవధి దొరుకుతోంది. ఆ వ్యవధిని వాడుకున్న సమీక్షలు ఎక్కడ వచ్చినా చదవదగ్గవే. చుక్కల రేటింగు సంగతి వేరు: 1928లో న్యూయార్క్ డైలీ న్యూస్ సినిమాలకు మొదలుపెట్టిన ఆ పద్ధతి పాఠకుడి సమయం మిగిల్చిందేమో గానీ, కింద ఉన్న నాలుగు పేరాలను చదివే అవసరాన్నీ తప్పించింది.

పత్రికలు దాదాపు వదిలేసిన కళ వాస్తు నిర్మాణం. టికెట్ లేకుండా అందరూ రోజూ అనుభవించేది అదే కదా! అమెరికాలో పత్రికా రచనకిచ్చే పులిట్జర్ బహుమతిని విమర్శకు 1970లో మొదలుపెట్టినప్పుడు తొలిసారి అందుకున్నది న్యూయార్క్ టైమ్స్‌లో భవనాల గురించి రాసిన ఎడా లూయీస్ హక్స్‌టబుల్. అయినా మన చుట్టూ లేచే భవనాల వార్త స్థిరాస్తి పేజీలోనే వస్తుంది, అదీ చదరపు అడుగుల లెక్కలో.

పుస్తకాల పేజీ సన్నబడిపోయింది. లాస్ ఏంజెలెస్ టైమ్స్ 2008లో, వాషింగ్టన్ పోస్ట్ 2009లో తమ ప్రత్యేక పుస్తక అనుబంధాలను ఆపేశాయి.

మెచ్చుకోవలసింది నివాళి వ్యాసాలను. పెద్ద పత్రికలు ప్రముఖ కళాకారుల గురించి ముందుగానే రాయించి ఉంచుతాయి కనుక, వాటిలో తీరికా లోతూ రెండూ ఉంటాయి. 2011లో హాలీవుడ్ నటి ఎలిజబెత్ టేలర్ మరణించినప్పుడు న్యూయార్క్ టైమ్స్ ప్రచురించిన వ్యాసం ప్రధాన రచయిత మెల్ గుస్సో, అప్పటికి ఆరేళ్ల క్రితమే కన్నుమూశారు. కళాకారులు బతికుండగా వారి పని మీద ఇంత శ్రద్ధ ఎందుకు పెట్టరన్నదే నా ఫిర్యాదు.

కళల పేజీ కోసం పత్రికను ఎంచుకునేవారు ముందుగా సమీక్ష కింద పేరు ఉందో లేదో చూడాలి. ఒకే విమర్శకుడిని కొన్ని నెలలు చదివితే ఆయన అభిరుచీ మొండితనమూ తెలిసివస్తాయి. ఆయన తిట్టిన నాటకానికి ధైర్యంగా వెళ్లవచ్చో లేదో కూడా అప్పుడు తేలుతుంది. పేరు లేని పది పంక్తుల వార్తతో ఆ సౌకర్యం లేదు.