అనాస కొనేవారికి జాగ్రత్త: ‘నాలుగు రోజులు ఉంచితే తియ్యగా అవుతుంది’ అంటే నమ్మకండి

శ్రావణమాసంలో శుభకార్యం పెట్టుకుని అనాసపండ్లు ఎక్కువ మొత్తంలో కొనబోతున్నవారు ముందు ఇది చదవండి. నేను 40 పండ్లు కొన్నాను. వాటిలో ఒక్క ముక్క కూడా విస్తట్లో వడ్డించలేకపోయాను.

మాది శ్రీకాకుళం. మా ఆడపడుచు విజయనగరంలో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి పండ్ల సంగతి నేను చూసుకుంటానని అడిగి మరీ తీసుకున్నాను. అనాస కేసరి, భోజనం చివర మనిషికి రెండేసి ముక్కలు, ఇదీ అనుకున్నది. ఏటా అయితే సీతంపేట వారపు సంతకు వెళ్లి తెచ్చుకునేవాళ్లం. సీతంపేట 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసింది గానీ, మా ఇంట్లో అందరికీ అవి ఇప్పటికీ మన శ్రీకాకుళం అనాసలే. సవర, జాతాపు గిరిజనులు కొండవాలు తోటల్లో కోసి కావిళ్లతో దించే పండు అది. ఈసారి వానలవల్ల కదలలేకపోయాం. ముహూర్తం ఆదివారం. బుధవారం జాతీయ రహదారి పక్కన ఒక వ్యానులో పండ్లు కనిపించాయి. అడుగు నుంచి తల దాకా ఒకే తీరుగా బంగారు రంగు. పండు 45 రూపాయల చొప్పున 1,800 ఇచ్చాను. బిల్లు లేదు. ఫోను నంబరు అడిగితే అట్టముక్క మీద రాసిచ్చాడు.

ఒకటి కోసి చూపించమన్నాను. “ఇప్పుడు కోస్తే పుల్లగానే ఉంటుందమ్మా, నిన్ననే తోటలో కోసినవి. నాలుగు రోజులు గడ్డిలో పెట్టండి, ఆదివారానికి తేనెలా ఉంటాయి” అన్నాడు. మామిడికాయలు గడ్డిలో మగ్గబెట్టడం చూస్తూ పెరిగిన మనకు ఆ మాట ఎంతో సహజంగా వినిపిస్తుంది. ముహూర్తం దగ్గర పడుతోందన్న తొందరలో నేనూ సరేనన్నాను.

శనివారం రాత్రి వంటమాస్టారు మొదటి పండు నిలువుగా చీల్చి, ఏమీ అనకుండా నా చేతికి ఇచ్చారు. పైన అంత పసుపు, లోపల కొబ్బరిముక్కలా తెలుపు. కత్తికి రసం అంటలేదు. నడిమి బెండు చుట్టూ కండ దారపు పోగుల్లా గట్టిగా ఉంది. ముక్క నోట్లో పెట్టుకుంటే పళ్లు పులిశాయి, రెండో ముక్కకు నాలుక మంట పుట్టింది. పది పండ్లు కోశాం, పదీ అంతే. ఏడింటికి తొడిమ దగ్గర నల్లటి మచ్చ కనిపించింది. వేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది, పులిసిన కల్లు వాసన. తొడిమలను కాయలోకంటా విరిచేశారు, తల మీది ఆకుల గుబురు కూడా వ్యానులో ఎక్కువ పట్టడానికి నరికేశారు. ఆ గాయాల్లోంచే బూజు లోపలికి పాకుతుంది. వాటిని పారేసి, కేసరికి కావలసిన ముక్కలను మాస్టారు పంచదార పాకంలో ఉడికించి ఆ పూట గట్టెక్కించారు. వడ్డించే ముక్కల సంగతి వదిలేశాం. మా ఆడపడుచు ఒక్క మాట కూడా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

వ్యాపారికి ఫోను చేస్తే, “ఫ్రిజ్‌లో పెట్టి ఉంటారు, అందుకే పాడయ్యాయి” అన్నాడు. వరండాలో గడ్డి మీద పరిచామని చెబితే ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత ఎత్తలేదు.

అసలు విషయం చెబుతాను. మామిడి, అరటి కాయల్లో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. కోసిన తర్వాత అది చక్కెరగా మారుతుంది కాబట్టి వాటిని మగ్గబెట్టవచ్చు. అనాసకాయలో అలాంటి నిల్వ లేదు. తీపి మొక్క ఆకుల నుంచే రావాలి. తొడిమ తెగిందంటే ఆ దారి మూసుకుపోయినట్టే. ఆ తర్వాత తొక్క రంగు మారుతుంది, కండ మెత్తబడుతుంది, వాసన కొంచెం పెరుగుతుంది. తీపి మాత్రం పెరగదు. గడ్డిలో పెట్టినా, బియ్యంలో పెట్టినా, అరటిపండ్ల పక్కన పెట్టినా అంతే. తోటలోనే ఎథెఫాన్ అనే మందు పిచికారీ చేస్తే కాయలన్నీ ఒకేసారి పసుపు రంగుకు వస్తాయి, లోపలి తీపితో ఆ రంగుకు సంబంధం ఉండదు. నేను కొన్నవాటికి ఆ మందు కొట్టారనడానికి నా దగ్గర ఆధారం లేదు కనుక ఆ మాట అనను. రంగు చూసి డబ్బు ఇవ్వవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఇక కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడం ఏ పండుకైనా చట్టప్రకారం నిషేధం.

మా పెరట్లో కుళాయి పక్కన ఆరు అనాస మొక్కలు ఉన్నాయి. పిలక నాటిన 18 నెలలకు మొదటి కాయ కోశాను. పూత కనిపించిన తర్వాతే దాదాపు ఆరు నెలలు పట్టింది. చివరి రెండు వారాలు రోజూ పొద్దున్నే వెళ్లి చూసేదాన్ని. పసుపు అడుగు వరుస కళ్ల దగ్గర మొదలై మెల్లగా పైకి ఎక్కింది. పొడుచుకు వచ్చినట్టున్న కళ్లు విచ్చుకుని చదునయ్యాయి. మూడోవంతు పసుపు ఎక్కాక ఒక ఉదయం పెరటి తలుపు తీయగానే వాసన ఎదురొచ్చింది. వాన లేని రోజు చూసి, రెండంగుళాల తొడిమ ఉంచి కత్తితో కోశాను, తల మీది ఆకులను తీయలేదు. ఆ పండు రసం మోచేతి దాకా కారింది. దాని రుచి తెలిసి కూడా వ్యానులోని రంగుకు లొంగిపోయినందుకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కొనేటప్పుడు పండును తలకిందులు చేసి అడుగు భాగాన్ని ముక్కు దగ్గర పెట్టుకోండి. అక్కడ తీపి వాసన లేకపోతే అది పచ్చికాయే. పుల్లటి కల్లు వాసన వస్తే మురిగింది. పరిమాణానికి మించిన బరువు ఉండాలి. తొడిమ తెగిన చోట పొడిగా ఉండాలి, చెమ్మ ఉంటే వదిలేయండి. నడినెత్తి ఆకు లాగితే ఊడిరావడం పక్వానికి గుర్తు అంటారు, దాన్ని నమ్ముకోవద్దు. తొక్క రంగూ అంతే, వానాకాలంలో తొక్క సగానికి పైగా ఆకుపచ్చగా ఉన్నా లోపల తియ్యగా ఉన్న పండ్లు సంతలో ఎన్నోసార్లు తిన్నాను.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. అనాసలో అడుగు భాగం ముందు పండుతుంది, తీపి అక్కడ ఎక్కువ. రుచికి ఇచ్చే ముక్క అక్కడిదే అయితే మోసపోతాం. తల వైపు ముక్క అడిగి తినండి. అది తియ్యగా ఉంటే పండంతా తియ్యగా ఉన్నట్టే. కోసి చూపించడానికి ఒప్పుకోకపోతే ఆ పండు డబ్బు మనమే ఇచ్చి కోయించుకోవాలి. నేను ఆ 45 రూపాయలకు వెనకాడి ఉండకపోతే మిగిలిన డబ్బు నిలిచేది.

నిల్వ విషయానికి వస్తే, పండిన అనాసను కార్యానికి ఒకటి రెండు రోజుల ముందు తెచ్చుకుంటే చాలు. నీడలో, గాలి తగిలేచోట, ఒకదాని మీద ఒకటి వేయకుండా పరవండి. దెబ్బ తగిలిన పండును విడిగా తీసి ముందు వాడేయండి. ఆ వ్యాపారి ఫ్రిజ్ గురించి అన్నదాంట్లో కొంత నిజం ఉంది. ముక్కలు చేయని పండును 7 డిగ్రీల కంటే తక్కువ చలిలో రోజుల తరబడి ఉంచితే నడిమి బెండు దగ్గర కండ గోధుమరంగుకు తిరుగుతుంది. తెల్లగా, పుల్లగా ఉండటానికి మాత్రం ఫ్రిజ్ కారణం కాదు. తొక్క తీసి కోసిన ముక్కలు మూత ఉన్న డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు బాగుంటాయి.

ఎంత చిన్న మొత్తమైనా బిల్లు అడగండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయాలన్నా చేతిలో కాగితం ఉంటేనే మన మాటకు బలం. నా దగ్గర ఉన్నది అట్టముక్క ఒక్కటే.

ఇప్పటికే ఇలాంటి పండ్లు ఇంట్లో ఉన్నవారు పిల్లలకు పచ్చి ముక్కలు పెట్టకండి, నోరు పొక్కుతుంది. తొడిమ దగ్గర నల్లబడినవాటిని పారేయండి. గట్టిగా, తెల్లగా ఉన్నవాటిని బెల్లం వేసి పచ్చడి చేసుకోండి, లేదా రసంలో వేసి బాగా మరగనివ్వండి. ఉడికితే నాలుకను కోసే గుణం పోతుంది. మిగిలిన పండ్లతో మా ఇంట్లో వారం రోజులు అదే చేశాం.