మ్యాగజైన్ ప్యాటర్నా, సొంత డ్రాఫ్టింగా, ఆది బట్టా: దేనికి ఏది మేలు?

చీర మీదికి జాకెట్టు కుట్టుకునేవాళ్లు మ్యాగజైన్ ప్యాటర్న్, అంటే పత్రికలో అచ్చేసి ఇచ్చే కత్తిరింపు గీతల జోలికి వెళ్లకపోవడమే మంచిది. కాలరు చొక్కా, ప్యాంటు, కోటు అయితే మాత్రం సొంతంగా గీసి తంటాలు పడేకన్నా మ్యాగజైనే నయం. పంజాబీ డ్రెస్సు టాపు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. గొడవంతా దాని దగ్గరే.

మ్యాగజైన్ ప్యాటర్న్ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది బుర్దా. జర్మనీలోని ఆఫెన్‌బుర్గ్ ఊళ్లో ఎన్నె బుర్దా 1950లో మొదలుపెట్టిన పత్రిక అది. 1952 నుంచి కత్తిరింపు ప్యాటర్న్‌లు కూడా జతచేశారు. దాని మధ్యలో మడతపెట్టిన పెద్ద షీట్లు ఉంటాయి. విప్పి చూస్తే ముగ్గు మీద ముగ్గు, దాని మీద ఇంకో ముగ్గు వేసినట్టుంటుంది. బెదరక్కర్లేదు. కుట్టే విధానం ఉన్న పేజీలో ఏ షీటు, ఏ రంగు గీత, ఏయే ముక్కల నంబర్లు అన్నది రాసి ఉంటుంది. ఆ నంబరును అదే రంగులో షీటు అంచున వెతికి, అక్కణ్నుంచి తిన్నగా లోపలికి వస్తే ముక్క దొరుకుతుంది. ఒక్కో సైజుకు ఒక్కో రకం గీత. మీ సైజు గీత మీద ముందే హైలైటర్ పెన్నుతో గీసుకుని, ఆ తర్వాతే పైన బటర్ పేపర్ పరిచి దింపుకోండి. లేకపోతే చంక ఒంపు దగ్గర పక్క సైజులోకి జారిపోతారు. పొడవాటి ముక్కల్ని షీటులో పట్టక 21, 21ఎ అని రెండుగా గీస్తారు, వాటిని అతికించుకోవాలి. నడుం పట్టీ లాంటి దీర్ఘచతురస్రాలు చాలాసార్లు షీటులో ఉండనే ఉండవు. కొలతలు మాత్రం రాసి, బట్ట మీదే గీసుకోమంటారు.

అసలు మోసం కుట్టు మార్జిన్ దగ్గర, అంటే కుట్టుకు అవతల వదిలే బట్ట దగ్గర. బుర్దా షీటులో మార్జిన్ కలిసి ఉండదు. కుట్టు దగ్గర 1.5 సెం.మీ., కింది మడతకు సుమారు 4 సెం.మీ. మీరే కలుపుకోవాలి. కవర్లలో అమ్మే సింప్లిసిటీ, మెకాల్స్, బట్టరిక్ ప్యాటర్న్‌లలో ఆ 1.5 సెం.మీ. ముందే కలిసి ఉంటుంది. కవరు ప్యాటర్న్‌లు అలవాటైన చెయ్యి మ్యాగజైన్ దగ్గర మార్జిన్ మరిచిపోతుంది. రెండు పక్క కుట్లే ఉన్న టాపులో నాలుగు అంచులు, అంటే 6 సెం.మీ. చుట్టుకొలత పోయినట్టే. అదే ముందూ వెనకా ప్రిన్సెస్ కట్ (పై నుంచి నిలువుగా దిగే కుట్లు) ఉంటే మొత్తం ఆరు కుట్లు, పన్నెండు అంచులు. 18 సెం.మీ. తగ్గిన డ్రెస్సు ఎవరికీ పట్టదు. పక్క కుట్లకు మాత్రం 1.5తో సరిపెట్టకుండా, మన టైలర్లలాగా అంగుళం వదలండి, రేపు లావైతే విప్పుకోవచ్చు. మెడ, చంక ఒంపుల దగ్గర మాత్రం 1 సెం.మీ. చాలు. అక్కడ ఎక్కువ వదిలితే ఒంపు తిరగదు, లోపల ముద్దకడుతుంది.

సైజు విషయానికొస్తే, దుకాణంలో కొనే కుర్తీ సైజును నమ్మొద్దు, పట్టిక చూడండి. బుర్దాలో 42 అంటే ఛాతీ 96, నడుము 78, సీటు 102 సెం.మీ. 44 అంటే 100, 82, 106. ఛాతీ 96 ఉండి నడుము 82 ఉన్నవాళ్లు చంక దాకా 42 గీతలో వచ్చి, అక్కణ్నుంచి మెల్లగా 44లోకి జరగాలి. టాపుకు ఛాతీని బట్టి, ప్యాంటుకు సీటును బట్టి సైజు ఎంచుకోవాలి. టేపులో సెంటీమీటర్ల వైపే వాడండి. అంగుళాల్లోకి మార్చుకుంటూ పోతే ప్రతి ముక్కలో కాస్త కాస్త తేడా చేరుతుంది.

మనవాళ్లకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది పొడుగు. మామూలు సైజులు 168 సెం.మీ. మనిషికి గీసినవి. పొట్టివాళ్లకు 160 సెం.మీ. లెక్కన వేరే సైజులున్నాయి, 36లో సగం 18, 38లో సగం 19, అలా. కానీ ప్రతి డిజైనూ వాటిలో రాదు. 152 సెం.మీ. మనిషి కింద అంచు కత్తిరిస్తే సరిపోదు. నడుం ఒంపు తుంటి మీదికి దిగుతుంది, వీపు మీద నడుం పైన అడ్డంగా ముడతలు పడతాయి. వీపు పొడవులో 4 సెం.మీ. తేడా ఉందనుకుందాం. 1 సెం.మీ. భుజానికీ చంక అడుగుకీ మధ్య, మిగతా 3 ఛాతీకీ నడుముకీ మధ్య పేపరును అడ్డంగా మడిచి తగ్గించాలి. చంకలో 1 తగ్గించారు కాబట్టి చెయ్యి పై గుండ్రంలోనూ ఆ 1 తగ్గించాలి. ఇది మరిచిపోతే చెయ్యి అతికేటప్పుడు బట్ట మిగిలి, కుచ్చుపోస్తుంది. అప్పుడు తప్పంతా మిషన్ మీదికి నెట్టేస్తారు.

సొంత డ్రాఫ్టింగ్‌లో ఈ బాధ లేదు, పొడవులన్నీ మీవే. ఛాతీ 36 అంగుళాలైతే నాలుగో వంతు 9, దానికి వదులు, మార్జిన్ కలిపితే పని అయిపోతుంది. కానీ చంక లోతు దగ్గర ఒక్కో మాస్టారుది ఒక్కో లెక్క. ఛాతీలో ఆరో వంతుకు ఒక అంగుళం కలపమనే లెక్కలో 7 వస్తుంది. నాలుగో వంతులో ఒక అంగుళం తీసేయమనే లెక్కలో 8. ఛాతీ 42కు వెళ్తే ఇవే లెక్కల్లో 8, తొమ్మిదిన్నర. తేడా ఒక అంగుళం నుంచి ఒకటిన్నరకు పెరిగింది. ఇవన్నీ చుట్టుకొలత మీద ఆధారపడ్డ లెక్కలు. వీపు వెడల్పుగా ఉండి 36 వచ్చినవాళ్లకూ, వీపు సన్నగా ఉండి రొమ్ము నిండుగా ఉన్న 36కీ ఒకే గీత పడుతుంది. మొదటివాళ్లకు వీపు పట్టేస్తుంది, రెండోవాళ్లకు ముందు భాగం పైకి లేచి చంక దగ్గర డొల్లగా నిలబడుతుంది. మ్యాగజైన్‌లోనూ ఇదే లోపం ఉంది, దాని గీతలు కూడా ఒకే రకం రొమ్ము నిండుదనానికి వేసినవి. చంకల కిందుగా పైఛాతీ కొలత ఒకటి తీసుకోండి. నిండు ఛాతీకీ దానికీ తేడా 5 సెం.మీ. దాటితే పైఛాతీ ప్రకారం చిన్న సైజు ఎంచుకుని, కావలసిన వదులు డార్ట్ దగ్గర, అంటే రొమ్ము వైపు కోణంగా మడిచి కుట్టే చోట కలపాలి. పెద్ద సైజు తీసుకుంటే భుజాలు జారతాయి.

జాకెట్టుకు మ్యాగజైన్ ఎందుకొద్దంటే, బిగుతు అని రాసిన టాపుకు కూడా అందులో ఊపిరికీ కదలికకూ కొన్ని సెంటీమీటర్ల వదులు పెడతారు. జాకెట్టుకు అంత వదులు పనికిరాదు, అది ఒంటిని అంటిపెట్టుకుని రొమ్ము కిందే ఆగాలి. ఇక్కడ ఆది జాకెట్టుకు, అంటే కొలతకు పెట్టుకునే పాత జాకెట్టుకు మించింది లేదు. హుక్కులు పెట్టి, బల్ల మీద పరిచి కొలవండి. అయితే ఆదిలో భుజం జారుతుంటే కొత్తదీ జారుతుంది. సాగే బట్టతో కుట్టిన ఆదిని చూసి రా సిల్క్ కత్తిరిస్తే హుక్కులే పడవు.

ఇంటర్నెట్‌లో కొనే పీడీఎఫ్ ప్యాటర్న్ గురించి రెండు మాటలు చాలు. స్కేల్ 100 శాతం పెట్టి ప్రింట్ తీయాలి, ముందుగా కొలత గడి ఉన్న పేజీ ఒక్కటి తీసి స్కేలుతో చూసుకోవాలి. 97 శాతంలో వస్తే 100 సెం.మీ. రావలసిన ఛాతీ 97కు పడిపోతుంది. ముప్పై నలభై ఎ4 కాగితాలు అతికించే ఓపిక లేకపోతే, ఇంటి ప్లాన్లు ప్రింటు తీసే షాపుల్లో ఎ0 కాగితం మీద ఒక్కసారిగా తీయించుకోవచ్చు.

బట్ట కొనేటప్పుడు ఇంకో చిక్కు. ఈ మ్యాగజైన్లలో చాలా లెక్కలు 140 సెం.మీ. పన్నాకు రాస్తారు. మన దగ్గర ఎక్కువగా దొరికేది 44 అంగుళాలు, అంటే 112. మీటరున్నర అని రాసి ఉంటే, లెక్క ప్రకారం 1.9 మీటర్లు చాలనిపిస్తుంది. కానీ మడిచిన 140లో పక్కపక్కనే పట్టే ముందు, వెనక ముక్కలు, మడిచిన 112లో కింది భాగం వెడల్పైన టాపుకు పట్టవు. ఒకదాని కింద ఒకటి పెట్టాల్సి వస్తే బట్ట దాదాపు రెట్టింపు కావాలి. దుకాణానికి వెళ్లకముందే పేపర్ ముక్కల్ని నేల మీద 56 సెం.మీ. వెడల్పులో పేర్చి చూడండి. మంగళగిరి జరీ అంచు బట్ట తెచ్చుకుంటే ఎ లైన్ (పైన సన్నగా, కిందికి వెడల్పయ్యే) డిజైన్లు వద్దు, కింది అంచు ఒంపుగా ఉండటం వల్ల జరీ తెగుతుంది. కింది అంచు తిన్నగా ఉండి, కుచ్చులున్న డిజైన్‌కే జరీ అంచు నిలుస్తుంది. నూలుబట్ట ఏదైనా ముందు రాత్రి నానబెట్టి ఆరేశాకే కత్తెర పెట్టాలి.

రెంటినీ కలిపి కుట్టుకోవచ్చు: ఒళ్లు మీ డ్రాఫ్టు, కాలరు మ్యాగజైన్‌ది. అప్పుడు టేపును అంచు మీద నిలబెట్టి, మార్జిన్లు వదిలేసి, మీ మెడ ఒంపును ముందు మధ్య గీత నుంచి వెనక మధ్య దాకా కొలవండి, కాలరు సగాన్నీ అలాగే కొలవండి. మెడ అర సెంటీమీటరు ఎక్కువొస్తే, కాలరు వెనక మధ్య మడత దగ్గర అర సెంటీమీటరు కలపండి. కొస దగ్గర కలిపితే కాలరు ఆకారం మారిపోతుంది.